గంధం పూసిన గోపురం

నాకు కోపం ఎక్కువని మా డిపార్ట్‌మెంటులో అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరూ అంటారు. అననివ్వండి, నాకేం. ఉప్పూకారం తినే మనిషికి ఆ మాత్రం కోపం లేకపోతే ఎలా? కానీ ఆ రోజు పొద్దున్న నాకు వచ్చింది ఉత్త కోపం కాదు. ఆరు ఎలుకలు, నాలుగేళ్ళుగా నా మాట నిలబెడుతూ వచ్చిన జాతి ఎలుకలు, బయటివాళ్ళ ముందు నన్ను నిలువునా ముంచేశాయి.

రెండువేల రెండు, సెప్టెంబరు పద్దెనిమిది. ముందురోజు పనిముట్లకి విశ్వకర్మ పూజ చేసుకుని జంషెడ్‌పూర్ అంతా బద్ధకంగా ఒళ్ళు విరుచుకుంటోంది. మా కాలేజీకి మాత్రం ఆ రోజే కమిటీ వచ్చింది. మా ఎలుకల గదిని ఉంచాలా, తీసెయ్యాలా అన్నది తేల్చడానికి వచ్చిన కమిటీ. తీసేస్తే అందులో కంప్యూటర్ సెంటర్ పెడతారు. "తీసేస్తే" అని మాటవరసకి అంటున్నాను గానీ కంప్యూటర్లు అప్పటికే దిగిపోయాయి. మా గది ముందు వరండాలో, మాకు నడవడానికి కూడా దారి లేకుండా అట్టపెట్టెలు పేర్చేశారు. సంబంధం కుదరకముందే మేళగాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చున్నట్టు.

గది పోతే నా ఉద్యోగం పోదు. పాఠాలు చెప్పుకుంటూ జీతం తీసుకోవచ్చు. పోయేది పని. నాలుగేళ్ళ పని, చివరి మెట్టు దాకా వచ్చిన పని, గాల్లో కలిసిపోతుంది. నా దగ్గర పరిశోధన చేస్తున్న కల్యాణి చదువు సగంలో ఆగిపోతుంది. కల్యాణివాళ్ళది శ్రీకాకుళం వైపే గానీ పిల్ల ఇక్కడే జుగ్సలాయిలో పుట్టి పెరిగింది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. నేను తిడితే హిందీలోనే ఏడుస్తుంది. అయినా ఎలుకని చేతిలోకి తీసుకోవడంలో అంత మెత్తని చెయ్యి నేనెక్కడా చూడలేదు.

ఇంతకీ ఆ పనేమిటో చెప్పాలి. చెప్పకపోతే నా గోల మీకు అర్థం కాదు. మెదడులో సెరటోనిన్ అని ఒక పదార్థం ఉంటుంది. మనసు కుదురుగా ఉండటానికీ, నిద్ర పట్టడానికీ అది కావాలని అందరికీ తెలిసిందే. జ్ఞాపకానికి కూడా కావాలా అన్నది నా ప్రశ్న. జ్ఞాపకమంటే ఎక్కాలు అప్పజెప్పడం కాదు. "దీన్ని ఇదివరకు చూశాను" అని తెలియడం, అంతే. మెదడు సెరటోనిన్ తయారుచేసుకోవాలంటే తిండిలోంచి ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకు అందాలి. ఆ ముడిసరుకు మెదడులోకి వెళ్ళే తలుపు దగ్గర దాని తోటి పదార్థాలు కూడా తోసుకుంటూ ఉంటాయి, టాటానగర్ స్టేషన్లో జనరల్ బోగీ తలుపు దగ్గరలాగా. మేం ఎలుకలకి తాగించే మిశ్రమంలో ఆ తోటివాటినన్నిటినీ వేసి, ట్రిప్టోఫాన్ ఒక్కటే మానేస్తాం. ఉన్న కాస్తా ఆ తోపులాటలో బయటే ఉండిపోతుంది. కొన్ని గంటల్లో మెదడులో సెరటోనిన్ తగ్గిపోతుంది.

అప్పుడు పరీక్ష పెడతాం. ఎలుకకి కొత్తదంటే పిచ్చి. ఒక పెద్ద పెట్టెలో ఒకేలాంటి వస్తువులు రెండు పెట్టి దాన్ని వదిలితే రెంటినీ శుభ్రంగా వాసన చూస్తుంది. గంట తరవాత అలాంటిదే పాతది ఒకటీ, అసలెప్పుడూ చూడని కొత్తది ఒకటీ పెట్టి వదులుతాం. పాతది గుర్తున్న ఎలుక "నిన్ను చూశాన్లే పో" అని దాన్ని వదిలేసి కొత్తదాని చుట్టూ తిరుగుతుంది. గుర్తులేని ఎలుకకి రెండూ కొత్తవే. రెంటి దగ్గరా సమానంగా గడుపుతుంది. స్టాప్‌వాచీలు పట్టుకుని దేని దగ్గర ఎంతసేపు ఉందో చూడటమే మా పని. మంచి మిశ్రమం తాగినవి కొత్తదాని దగ్గరికి పరుగెత్తడం, ట్రిప్టోఫాన్ లేనిది తాగినవి రెంటి మధ్యా బిక్కమొహం వేసుకుని తిరగడం నాలుగేళ్ళుగా మళ్ళీ మళ్ళీ చూశాం. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరించేది. ఇంత చిన్న తిండి తేడాతో లోకం మొత్తం కొత్తగా కనిపిస్తుందా అని.

ఆ వస్తువులు చేసిచ్చింది మా బావ. బావంటే మా మేనత్త కొడుకు, నన్ను కట్టుకున్న మహానుభావుడు, భుజంగరావు. గోవింద్‌పూర్ పక్కనున్న ట్రక్కుల ఫ్యాక్టరీలో టూల్‌రూం ఫోర్‌మన్. పాలకొండ దగ్గర్నుంచి అప్రెంటిసుగా వచ్చి, లేత్ మిషను ముందే పెద్దవాడైన మనిషి. నేను ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చదివింది పెళ్ళయ్యాకే, బావ ఇంట్లో వంట కూడా చేస్తుంటే. అల్యూమినియం కడ్డీని లేత్ మీద తిప్పి గోపురాల్లాంటివి మూడు, డమరుకాల్లాంటివి మూడు చేసిచ్చాడు. మూడేసి ఎందుకంటే, మొదట రెండు గోపురాలు పెడతాం, గంట తరవాత ఎలుక ముట్టుకోని మూడోది పెడతాం. ముట్టుకున్నదే మళ్ళీ పెడితే తన వాసన తనే పట్టేస్తుంది. అది ముక్కు పనవుతుంది గానీ జ్ఞాపకం పని కాదు.

కమిటీ వస్తోందనగా ఆ మూడో గోపురం కుదురుగా నిలబడక ఊగుతోందని చూసుకున్నాను. అడుగు సరిచేసి పెట్టమని బావకిచ్చాను. పూజనాటి సాయంత్రం కాటన్ వేస్టులో చుట్టి, స్వీట్ల పొట్లంతోపాటు తెచ్చిచ్చాడు. అద్దంలా మెరుస్తోంది. టేబుల్ మీద పెడితే కొండలా కదలకుండా నిలబడింది. మా బంగారు బావ అనుకున్నాను. మర్నాడు పన్నెండయ్యేసరికి ఆ మాట వెనక్కి తీసేసుకున్నాను.

కమిటీ పెద్ద సీతారామరావుగారు. విశాఖపట్నంలో ఫార్మకాలజీ ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యారు. సన్నగా, ఎముకలకి చొక్కా తొడిగినట్టుంటారు. నవ్వితే పళ్ళు అరిగిపోతాయనుకునే రకం. ఆయన వెంట మా ప్రిన్సిపాలు. ప్రిన్సిపాలు చూపు ఎలుకల మీద లేదు, ఏ గోడకి ఏ టేబుల్ పడుతుందా అని కొలుస్తూనే ఉంది.

పొద్దున్నే పన్నెండు ఎలుకలకి మిశ్రమం తాగించాం, సగానికి మంచిది, సగానికి ట్రిప్టోఫాన్ లేనిది. ఏ ఎలుకకి ఏది ఇచ్చామో కల్యాణి ఒక్కదానికే తెలుసు. స్టాప్‌వాచీ పట్టుకునే నాకు తెలియకూడదు. తెలిస్తే నా వేలు నా ఆశ చెప్పినట్టు నొక్కేస్తుంది. ఆరింటిని భోజనాల ముందు, మిగతా ఆరింటికి కాస్త ఆలస్యంగా తాగించి భోజనాల తరవాత చూపిద్దామనుకున్నాం.

గోపురాల జంట చూపించిన గంటకి మొదటి ఎలుక మళ్ళీ పెట్టెలో దిగింది. డమరుకం దగ్గరికెళ్ళింది, గోపురం దగ్గరికొచ్చింది, మళ్ళీ డమరుకం, మళ్ళీ గోపురం. చివరికి రెండు వాచీల్లోనూ ఇంచుమించు ఒకటే. సరే, ఇది మరుపు ఎలుక అనుకున్నాను. రెండోదీ అంతే. మూడోది కూడా అదే చేసింది.  ఆరూ మరుపు ఎలుకలే. లోపలికొచ్చి అంకెలు చూసిన కల్యాణి మొహం సున్నం కొట్టినట్టయింది. వాటిలో మూడింటికి తను మంచి మిశ్రమమే తాగించింది మరి.

సీతారామరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మంచిది తాగినవి కూడా మరిచిపోయాయి కదమ్మా," అన్నారు. "అంటే మీరు చూస్తున్నది జ్ఞాపకం కాదు. మీ పరీక్షే పనిచెయ్యడం లేదు."

 ప్రిన్సిపాలు మర్యాదగా భోజనానికి దారి చూపించాడు. వెళ్తూ వెళ్తూ ఒక అట్టపెట్టెని చేత్తో తట్టాడు, పెళ్ళికొడుకు భుజం తట్టినట్టు. ఆ తట్టడం చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వాళ్ళు మలుపు తిరిగారో లేదో నేను మొదలుపెట్టాను. ముందు కల్యాణిని తిట్టాను, సీసాలు తారుమారు చేసిందని. తారుమారైతే మాత్రం ఆరూ ఎలా మరిచిపోతాయని అది ఏడుస్తూనే లెక్క చెప్పింది. అదీ నిజమే. తరవాత బల్బును తిట్టాను, కరెంటును తిట్టాను, ప్రిన్సిపాలు వంశాన్ని ఏడు తరాల దాకా వెతికి మరీ తిట్టాను. కొందరికి కాఫీ తాగితే గానీ బుర్ర పనిచెయ్యదు. నాకు తిట్టడం పూర్తయితే గానీ పనిచెయ్యదు. పూర్తయింది. పెట్టెకి పైన బిగించిన కెమెరా టేపు తీసి టీవీలో వెయ్యమన్నాను.

ఇద్దరం టీవీకి ముక్కులు ఆనించినంత దగ్గరగా కూర్చుని చూశాం. ఎలుక డమరుకం ఎక్కుతోంది, నడుముకి వేళ్ళాడుతోంది, పైనుంచి కిందిదాకా వాసన చూస్తోంది. కొత్తదాన్ని చూసే తీరే అది. గోపురం దగ్గరికొచ్చేసరికి అలా లేదు. పైకి చూడటమే లేదు. ముక్కు తీసుకెళ్ళి అడుగున, పెట్టె నేలకీ గోపురానికీ మధ్య దూరుస్తోంది. ఒకటి కాదు, ప్రతీ ఎలుకా అంతే.

"కల్యాణీ, ఇవి గోపురాన్ని చూడటం లేదే," అన్నాను. "గోపురం కింద ఇంకేదో ఉంది."

లేచిన ఊపుకి కుర్చీ పడిపోయింది. ఆ మూడో గోపురాన్ని తీసి తలకిందులు చేశాను. ఊగకుండా అంచు మీదే నిలబడాలని, మిగతావాటికిలాగే బావ దీని అడుగున కూడా మధ్యలో లోతుగా గుంట తీశాడు. ఆ గుంటలో ముక్కు పెట్టాను. గంధం. గంధంతోపాటు ధూపం పొగ. గుంట మూలలో గోరుతో గీస్తే పసుపుపచ్చగా రాలింది కూడా. ఎలుక మారినప్పుడల్లా వస్తువుల్ని స్పిరిట్ దూదితో తుడిచాం, నిజమే. పైన తుడిచాం. అడుగు గుంటలో వేలు పెట్టి ఎవరు తుడుస్తారు?

"చందన్ హై, మేడం," అంది కల్యాణి, అదీ ముక్కు పెట్టి చూసి.

ఒక్కసారిగా నాకు నెత్తి మీంచి బండ దించినట్టయింది. ఎలుకలు గోపురాన్ని మరిచిపోలేదు. ముందు చూసిన గోపురాలకి గంధం లేదు, గంట తరవాత చూసినదానికి ఉంది. గుర్తున్న ఎలుకకి కూడా అది కొత్తదే. అంతకన్నా బుద్ధిమంతులైన ఎలుకలుంటాయా? ఇద్దరం ఒకరి చేతులొకరు పట్టుకుని గది మధ్యలో గెంతాం. గెంతడం ఆగాక నాకు బావ గుర్తొచ్చాడు.

డిపార్ట్‌మెంటు ఫోన్లోంచి ఫ్యాక్టరీకి చేసి ఫోర్‌మన్ని పిలవమన్నాను. గోపురాన్ని ఏం చేశావని అడిగాను. పూజలో పెట్టానని చెప్పాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. ఇంక నేనేమన్నానో ఇక్కడ రాయడం బాగుండదు. నీ పూజ నా కొంప ముంచిందన్నది అందులో కాస్త మెత్తని మాట. వరండా చివర జిరాక్స్ మిషను దగ్గరున్నవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారట.

"తుడిచీసేను గదే," అన్నాడు బావ, నేను ఊపిరి తీసుకునే సందులో. "బొట్టు కూడా ఒగ్గలేదు."

ఫోన్ పెట్టేశాను. కల్యాణి నా చెవి దగ్గరికొచ్చి రహస్యంగా ఒక సలహా ఇచ్చింది. గంధం గోపురాన్ని బీరువాలో పడేసి, మొదటి రెంటిలో ఒకదాన్ని తుడిచి మధ్యాహ్నం పెట్టేద్దాం, పొద్దున్న బల్బు సరిగ్గా లేదని చెబుదాం, ఎవరికీ తెలియదని. నిజంగానే ఎవరికీ తెలియదు. ఒక్క నిమిషం మనసు అటు లాగింది కూడా. కానీ ఎలుక ముట్టుకున్నది మళ్ళీ పెట్టకూడదని నాలుగేళ్ళుగా నేనే కల్యాణి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. ఇవాళ గది కోసం ఆ మాట తినేస్తే, రేపు ఆ గదిలో కూర్చుని ఏ మొహంతో పాఠం చెప్పను?

భోజనాలు చేసి వచ్చిన సీతారామరావుగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మా ఆయన గోపురాన్ని విశ్వకర్మ పూజలో పెట్టాడనీ, గంధం అడుగున ఉండిపోయిందనీ, ఎలుకలు దాన్ని పసిగట్టాయనీ. ప్రిన్సిపాలు పడీ పడీ నవ్వాడు. సీతారామరావుగారు నవ్వలేదు. టేపు వేయించుకుని మొత్తం చూశారు. గోపురాన్ని తిరగేసి వాసన చూశారు. చూసి, "కడిగేస్తామంటారా?" అన్నారు.

"కడిగితే సరిపోదా సార్?"

"కడిగాక వాసన పోయిందని మీకెలా తెలుస్తుంది? మీకున్నది మనిషి ముక్కు. తేల్చాల్సింది ఎలుక ముక్కు."

ఆయనన్నది అక్షరాలా నిజం. అక్కడ నా నోరు మూతపడాలి. కానీ నా నోరు అంత తొందరగా మూతపడే రకం కాదు. ఆయన మాట పూర్తవుతూనే బుర్రలో టపీమని వెలిగింది.

"కడగను సార్," అన్నాను. "మిగతా అయిదింటికీ పూజ చేయిస్తాను."

ప్రిన్సిపాలు నవ్వు సగంలో ఆగిపోయింది.  అన్నిటికీ ఒకే వాసన ఉంటే వాసనతో ఏదీ కొత్తది కాదు, ఇంక ఆకారమే మిగులుతుంది. సీతారామరావుగారికి నేను విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. "అయిదింటికి కాదు, ఆరింటికీ," అన్నారు. "నిన్నటి గంధం, ఇవాళ్టి గంధం ఒకటి కావు. గంధం మాత్రం అదే ఉండాలి."

మళ్ళీ ఫోన్ దగ్గరికి పరుగెత్తాను. ఆ గంధం, ఆ ధూపం ఇంకా ఉన్నాయా, ఉంటే ఉన్నపళంగా పట్టుకుని రా అన్నాను. ఇంతకు ముందు తిట్టినదాని గురించి బావ ఒక్క ముక్క అనలేదు. "వత్తన్నా," అని పెట్టేశాడు.

గేట్‌పాస్ ఎలా తీసుకున్నాడో, ఆ స్కూటర్ని ఎలా తోలాడో గానీ నేను అనుకున్నదానికి ముందే వచ్చేశాడు. ఫ్యాక్టరీ నీలం చొక్కా, చేతిలో గంధపుచెక్క, సాన, ధూప్ పొట్లం. ఎలుకల గది గుమ్మం ముందు చెప్పులు విప్పబోతుంటే నేనే ఆపాను. లోపల పొగ పెట్టకూడదు కాబట్టి వరండాలోనే పని కానిచ్చాం. వరండాలో జాగా ఎక్కడుంది? అట్టపెట్టెల మీదే ఆరింటినీ తలకిందులుగా వరసపెట్టి నిలబెట్టాడు. నిప్పుతో జాగ్రత్త, కంప్యూటర్లు, కంప్యూటర్లు అంటూ ప్రిన్సిపాలు చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు.

బావకి మంత్రాలు రావు. కానీ టూల్‌రూం చెయ్యి కదా, గంధం అరగదియ్యడం అయ్యాక ఒక్కో గుంటలో ఒక్కో చిటికెడు, ఒకదానికి ఎక్కువా ఒకదానికి తక్కువా కాకుండా పూశాడు. ఆరింటినీ ఒకేలా పొగ మీద తిప్పాడు. ఒకేలా తుడిచాడు. సీతారామరావుగారు పక్కనే నిలబడి ప్రతిదాన్నీ వాసన చూసి తలూపారు. వచ్చేపోయే స్టూడెంట్లు ఇక్కడేదో పూజ జరుగుతోందనుకుని చేతులు జోడించి మరీ వెళ్ళారు.

మిగిలిన ఆరు ఎలుకలకీ ఒకదాని తరవాత ఒకటిగా గోపురాల జంటని చూపించాం. ఇంక గంట ఆగాలి. ఆ గంట నాకు గడవలేదు. ట్రిప్టోఫాన్ తగ్గినవాటి మెదడు సాయంత్రానికి కోలుకోవడం మొదలుపెడుతుందేమో, ధూపం పొగకి ఎలుకలు బెదిరిపోయాయేమో, రకరకాల భయాలు. బావతో మాట్లాడలేదు. ఇంకా కోపమే. బావ బెంచీ మీద ఒక కొసన ఒదిగి కూర్చున్నాడు. రెండో కొసన సీతారామరావుగారు కూర్చుని, అసలు ఈ వస్తువుని పూజలో ఎందుకు పెట్టారని అడిగారు.

"మా షాపులో పూజకి ఎవల పనిముట్టు ఆలు పెడతారు సార్," అన్నాడు బావ. "ఏటేటా నా మైక్రోమీటరు పెడతాను. ఈయేడు దీని పనిముట్టు నా సేతిలో ఉండిపోనాది. ఇంట్లో ఇద్దరం పనిసేత్తన్నాం గదా. ఒకల్దే ఎలగ పెడతాను?"

 బావే మళ్ళీ, ఇదేమిటని పంతులు అడిగితే మా ఇంటిది చేసే పరిశోధన సామాను అని చెప్పాననీ, అందరికంటే ముందు వరసలో పెట్టించాననీ చెప్పాడు. నేను స్టాప్‌వాచీ తుడుస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. ఫ్యాక్టరీలో వాళ్ళు బావని "చూహావాలీ కా మరద్", ఎలుకలావిడ మొగుడు అని ఏడిపిస్తారని నాకు తెలుసు. నా పనంటే బావకి చిన్నతనమేమోనని ఇన్నేళ్ళూ లోలోపల అనుకుంటూనే ఉన్నాను, అడగడానికి రోషం అడ్డొచ్చి అడగలేదు. అలాంటిది అంతమంది ముందు, అన్ని ఇనుప సామాన్ల ముందు, నా గోపురాన్ని నిలబెట్టాడు.  ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదా అని మళ్ళీ కోపం వచ్చింది.

గంటయింది. కల్యాణిని వరండాలోకి పంపించి, బావనీ ప్రిన్సిపాల్నీ గోడవారగా నిలబెట్టి తలుపు వేశాం. గోపురానికి ఒక వాచీ నేను పట్టుకున్నాను. డమరుకానికి రెండోది సీతారామరావుగారే అడిగి తీసుకున్నారు.

మొదటిది, తోక మీద ఎర్ర గుర్తు ఉన్నది. గోపురం దగ్గరికెళ్ళి ఒక్కసారి ముక్కు ఆనించింది.  మరుక్షణం తిరిగి పరుగున వెళ్ళి డమరుకం ఎక్కింది. ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, గోపురం మొహం మళ్ళీ చూడలేదు. సీతారామరావుగారి వాచీ నడుస్తూనే ఉంది. నీలం గుర్తుదీ అంతే, ఇంకా జోరుగా. పసుపు గుర్తుది మాత్రం అటూ ఇటూ సమానంగా తిరిగింది. అంటే తేడా వచ్చింది. పొద్దున్న రాని తేడా వచ్చింది.  నలుపుది నేరుగా డమరుకానికి. తెలుపుది రెంటి దగ్గరా.

చివరిది ఆకుపచ్చది. పెట్టె మధ్యలో నిలబడిపోయింది. కదలదు. ముందరి కాళ్ళతో తీరిగ్గా మొహం కడుక్కుంటోంది. కదలవే తల్లీ అని మనసులో దండం పెట్టాను. నెమ్మదిగా గోపురం దగ్గరికెళ్ళింది. పైనుంచి కిందిదాకా చూసింది. డమరుకం దగ్గరికెళ్ళి దాన్నీ అలాగే చూసింది. మళ్ళీ గోపురం దగ్గరికొచ్చి మొదటిసారి చూస్తున్నట్టు మొదట్నుంచీ చూడటం మొదలుపెట్టింది. గంట క్రితం చూసినదే. ఎంత ముచ్చటగా చూస్తోందో, అంత జాలేసింది. అంత జాలిలోనూ లోపల సంతోషం ఎగిరెగిరి పడుతోంది.

తలుపు తీసి కల్యాణిని పిలిచారు సీతారామరావుగారు. మంచి మిశ్రమం ఏ మూడింటికి ఇచ్చావమ్మా అని అడిగారు. కల్యాణి మా మొహాలు చూసింది. మేం బొమ్మల్లా నిలబడ్డాం.

"లాల్, నీలా ఔర్ కాలా," అంది.

ఎరుపు, నీలం, నలుపు. పరుగెత్తిన మూడూ అవే. నేను ఏం అరిచానో నాకే తెలియదు గానీ పంజరాల్లో ఎలుకలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. కల్యాణి వచ్చి నన్ను వాటేసుకుంది. సీతారామరావుగారు మాత్రం వాచీ జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టి, ఆరు ఎలుకలతో ఏదీ రుజువు కాదన్నారు. కాకపోతే మీ నాలుగేళ్ళ లెక్కకి ఈ ఆరూ ఎదురు చెప్పడం లేదన్నారు. ప్రిన్సిపాలు గొంతు సవరించుకుని, ఇంతకీ నిర్ణయం సంగతి అని ఏదో అనబోయాడు.  అసలు సంగతి అదే కదా.

ఆ సంగతి పట్టనిది బావ ఒక్కడికే. తను ఆకుపచ్చ గుర్తు ఎలుక పంజరం ముందు గొంతుక్కూర్చుని దాన్నే చూస్తున్నాడు.

"పాపం, దీనికి అలగే ఉండిపోద్దేటి సత్యా?" అన్నాడు. "మరింక గుర్తు రాదేటి?"

"వస్తుంది బావా," అన్నాను. "రాత్రికి మామూలు దాణా పెడతాను. పొద్దున్నకి సెరటోనిన్ మళ్ళీ వచ్చేస్తుంది. రేపు ఇంకో జత వస్తువులతో చూస్తే..."

అక్కడ నా మాట ఆగిపోయింది. రేపు అన్న మాట నోట్లోంచి వచ్చాక గానీ, రేపు ఈ గది ఉంటుందో లేదో నాకు తెలియదని గుర్తు రాలేదు. బావ తలెత్తి నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

సీతారామరావుగారు కళ్ళజోడు జేబులో పెట్టుకుని ప్రిన్సిపాలు వైపు తిరిగారు. "ఆవిడ రేపు ఈ ఎలుకని చూడాలి కదండీ," అన్నారు. "ఆ పెట్టెలు ఇంకో గదికి పంపించండి. దారికి అడ్డంగా ఉన్నాయి."

నేను అక్కడే, పంజరాల పక్కన నేల మీద, కూలబడి భోరుమని ఏడ్చాను. అంతమందిని తిట్టిన నోరు, ఒక్క ముక్క పెగలకుండా ఏడుపే. బావ కంగారుపడిపోయి నా పక్కన చేరాడు. బాగానే సెప్పేరు గదా, ఏటే ఈ ఏడుపు అని నా భుజం పట్టుకుని అడుగుతున్నాడు. ఆ చేతికి ఇంకా గంధం వాసనే.

"బాగానే చెప్పారు బావా," అన్నాను. "నువ్వు కాసేపు ఇక్కడే కూర్చో."